కొల్లేరు గ్రూపులో సమస్యలేమీ లేవు

పెద్దింట్లమ్మని ఉద్యోగంలోంచి తీసేసిన ఆర్డరు మీద ఉన్నది నా సంతకం. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది రాయడం నాకు తేలికవుతుంది.

నా పేరు షేక్ మస్తాన్. మాది ఏలూరు. భీమడోలుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య ఒక పెద్ద రొయ్యల ఎగుమతి కంపెనీలో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు పనిచేసి, హెచ్.ఆర్. మేనేజరుగా రిటైరయ్యాను. మొన్న మా మేనకోడలు పర్వీన్ వట్లూరులో ఎం.బి.ఏ. పూర్తిచేసి ఇంకో కంపెనీలో హెచ్.ఆర్.లోనే చేరింది. వారం తిరక్కుండా ఫోన్ చేసింది.

"మామూ, నాకు ఎఫినిటీ గ్రూపులు చూసే పని ఇచ్చారు. ఒక ఫైలు నిండా కాగితాలిచ్చారు. చదివితే అన్నీ బాగానే ఉన్నాయి గానీ, అసలు ఏం చెయ్యాలో అర్థం కావట్లేదు."

అర్థమైపోయిందని చెప్పి ఉంటే భయపడేవాణ్ణి. అర్థం కాలేదంది కాబట్టి ధైర్యం వచ్చింది. ఫోన్లో చెప్పేది కాదులే, రాసి పంపిస్తానన్నాను. ఇది ఆ పిల్ల కోసం రాసింది, ఆ పనిలోకి వచ్చే మిగతావాళ్ళు కూడా చదువుకోవచ్చు. నా ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి వినడానికి మా ఆవిడకే ఓపిక లేదు.

ఫొటోలో మనిషి

మా నాన్న ఏలూరులో తివాచీలు నేసేవారు. కొనడానికి ఎవరైనా వస్తే ముందు వెనకవైపు తిప్పి చూపించేవారు. పైన రంగులు ఎవరైనా అద్దుతారు, ముడులు సరిగ్గా పడ్డాయో లేదో వెనక చూస్తేనే తెలుస్తుందని ఆయన పద్ధతి. నేను చదువుకుని ఆఫీసు ఉద్యోగం చేశాను గానీ, ఆ తిప్పి చూసే అలవాటు చాలాకాలం నాకు అబ్బలేదు.

నన్ను పనిలో చేర్చుకున్న పర్సనెల్ మేనేజరు మూర్తి గారని ఒక పెద్దాయన. కంపెనీ ఆయనకి కారిచ్చింది. ఆయన మాత్రం వారానికి ఒకరోజు కార్మికుల బస్సులో వచ్చేవారు. "కారులో కునుకు పడుతుంది, బస్సులో పట్టదు" అని నవ్వేసేవారు. ఒకసారి నన్నూ ఎక్కించుకున్నారు. కొల్లేరు వైపు నుంచి వచ్చే బస్సు అది. దిగాక అడిగారు.

"ఏవండీ మస్తాన్ గారూ, ఏం చూశారండీ?"

"అందరూ కలిసిమెలిసి కబుర్లు చెప్పుకుంటున్నారండీ."

"ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అందరూ చూస్తారండీ. ఎవరి పక్కన ఎవరు కూర్చోవట్లేదో చూడండి. మన జీతం దానికే."

అప్పుడు తల ఊపాను. ఊపినంత తేలిగ్గా మర్చిపోయాను కూడా.

నా సంగతి కూడా చెప్పాలి. మా ఆఫీసులో మేనేజరు స్థాయిలో ఉన్న ముస్లింని నేనొక్కణ్ణే. కంపెనీ పత్రికలో అన్ని మతాలవాళ్ళూ ఇక్కడ ఒక్కటే అని రాయాల్సి వచ్చినప్పుడల్లా నాకు కబురొచ్చేది. రంజాన్ నెలలో ఖర్జూరాల పళ్ళెం చేతికిచ్చి నవ్వమనేవారు. ఒక ఏడాదైతే రంజాన్ ఇంకా మొదలే కాలేదు. పత్రిక అచ్చుకి వెళ్ళాలి కాబట్టి ముందుగానే ఫొటో తీసేశారు. ఆ ఏడాది ఫొటోలో, పొద్దు వాలాక తినాల్సిన ఖర్జూరాలతో మధ్యాహ్నం పన్నెండుకే నవ్వుతున్నాను. దాని మీద నాకు కోపం లేదని అంటే అబద్ధం. అయినా ప్రతి ఏడూ నవ్వాను. నలుగురి తరఫున ఒకణ్ణి నిలబెడితే ఆ ఒకడికి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. తెలిసుండీ నేను చేసిన పని చూడండి.

గ్రూపులు వచ్చిన రోజులు

నా సర్వీసు మరో మూడేళ్ళుందనగా హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి ప్రియ అనే అమ్మాయి వచ్చింది. వైవిధ్యం విభాగానికి కొత్తగా వేసిన అధికారి. చురుకైన మనిషి, మనసులో మాట దాచుకోదు. ఒకే రకం నేపథ్యం ఉన్న ఉద్యోగులు ఒక గ్రూపుగా కూడి తమ కష్టసుఖాలు మాట్లాడుకోవాలి, వాటిని కంపెనీ వినాలి అని వివరించింది. ఆడవాళ్ళకొకటి, ముస్లింలకొకటి, ఒడిశా నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నవాళ్ళకొకటి, కొల్లేటి లంక గ్రామాలవాళ్ళకొకటి.

మా జనరల్ మేనేజరు రంగారావు గారు అంతా విని కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. కళ్ళజోడు తీశారంటే విసుగొచ్చిందని గుర్తు.

"అమ్మా, ఊళ్ళల్లో ఉన్న గ్రూపులు చాలక ఫ్యాక్టరీలో కూడా మనమే పెట్టాలా?"

"ఇవి ఆ గ్రూపులు కాదు సార్."

"మొదట్లో అవీ ఇలాగే ఉంటాయమ్మా."

ఆయన సణిగినా ఆపలేదు. పని నా నెత్తిన పడింది. నేనూ ఉత్సాహంగానే చేశాను. ముస్లింల గ్రూపుకి నన్నే పెద్దగా ఉండమన్నారు, ఒప్పుకున్నాను. కొల్లేరు గ్రూపుకి ఎవర్ని పెట్టాలా అని ఆలోచిస్తే శ్రీనివాస్ కనిపించాడు.

శ్రీనివాస్ పీలింగ్ హాల్లో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. పీలింగ్ హాలంటే రొయ్యల తలలు తీసి, పొట్టు ఒలిచి, సైజుల వారీగా వేరుచేసే చోటు. పని చేసేవాళ్ళలో నూటికి తొంభై మంది ఆడవాళ్ళే. అతనిది లంక గ్రామమే. డిగ్రీ చదివాడు, ఇంగ్లీషులో మీటింగు నోట్సు రాయగలడు, ఎవరితోనైనా తడబడకుండా మాట్లాడతాడు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. హెచ్.ఆర్.లో ఉన్నవాళ్ళకి ఉండే మొదటి రోగం ఇది. మనతో బాగా మాట్లాడేవాడు తనవాళ్ళ తరఫున కూడా బాగా మాట్లాడతాడనుకుంటాం.

నెలకోసారి మీటింగు పెట్టేవారు. నోట్సు నా టేబుల్ మీదికొచ్చేది. మంచినీళ్ళ ఫిల్టరు కావాలన్నారు, పెట్టించాం. బస్సు పది నిమిషాలు ముందు రావాలన్నారు, మార్చాం. ఆ తర్వాత వరసగా నెలనెలా ఒకటే వాక్యం ఉండేది, కొల్లేరు గ్రూపులో సమస్యలేమీ లేవు అని. నాకు అది చదివినప్పుడల్లా ఆనందంగా ఉండేది. గ్రూపు ఫొటో తీయించి, పెద్దది చేయించి రిసెప్షన్లో తగిలించాను. ప్రియ ఆ గ్రూపుని హెడ్డాఫీసు వాళ్ళిచ్చే అవార్డుకి పంపింది.

చేతిలో కౌంటు

కొల్లేటి ఊళ్ళల్లో అమ్మవారి పేరు ఆడపిల్లలకి పెట్టుకోవడం మామూలు. బస్సులో పెద్దింట్లమ్మా అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు తిరిగి చూస్తారు. నేను చెప్పేది గ్రేడింగ్ టేబుల్ దగ్గరి పెద్దింట్లమ్మ సంగతి. నలభై దాటిన మనిషి, భర్త పోయాడు, ఇంట్లో మంచం దిగలేని అత్తగారూ ఎనిమిదో తరగతి చదివే కూతురూ ఉన్నారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని మేం కౌంటు అంటాం. పెద్దింట్లమ్మ గుప్పెడు రొయ్యలు చేతిలోకి తీసుకుని కౌంటు చెప్పేది. కొత్తగా వచ్చిన క్వాలిటీ కుర్రాళ్ళు తూకం వేసి చూసి నోళ్ళు వెళ్ళబెట్టేవారు.

అంత పనిమంతురాలు చెప్పాపెట్టకుండా మానేయడం మొదలుపెట్టింది. నెలలో ఒకరోజు, ఒక్కోసారి రెండు రోజులు. ముందురోజు సాయంత్రం దాకా పనిచేసి వెళ్ళేది, పొద్దున బస్సులో ఉండేది కాదు. మా రూలు ప్రకారం ఇలాంటివాటికి మూడు మెమోలిచ్చి, విచారణ జరిపి తీసెయ్యొచ్చు. మూడు మెమోలూ అయ్యాయి.

విచారణలో ఉద్యోగికి తోడుగా ఒక మనిషి కూర్చోవచ్చు. నేను చాలా ఉదారంగా ఆలోచించాననుకుని, గ్రూపు పెద్ద కదా అని శ్రీనివాస్‌ని పిలిపించి ఆవిడ పక్కన కూర్చోబెట్టాను. ఆవిడ కుర్చీ అంచు మీద కూర్చుంది.

"ఎందుకు మానేస్తున్నావమ్మా? ఏదైనా ఇబ్బంది ఉంటే చెప్పు."

"ఒంట్లో బాగుండట్లేదండీ."

"డాక్టరు చీటీ తెచ్చుకోవచ్చు కదా?"

ఆవిడ బల్ల మీద ఉన్న పేపర్‌వెయిట్ వంక చూస్తూ కూర్చుంది. శ్రీనివాస్ అందుకున్నాడు.

"ఇంటి దగ్గర ఒంటరి మనిషి కదండీ, అలసిపోతుందండీ. నేను చాలాసార్లు చెప్పానండీ సార్."

మూడుసార్లు తిప్పితిప్పి అడిగాను. మూడుసార్లూ అదే జవాబు. చివరికి వేలిముద్రకి ఇంకు ప్యాడ్ ముందుకి తోస్తే, "సంతకం వచ్చండీ" అని పెన్ను తీసుకుంది. ఆ మాట ఒక్కటే ఆ గదిలో గట్టిగా అంది. సోమవారం నాడు ఆర్డరు మీద సంతకం పెట్టేశాను. పద్ధతి ప్రకారం అంతా జరిపించానని, పైగా గ్రూపు మనిషిని కూడా తోడిచ్చానని తృప్తిపడి చేతులు దులుపుకున్నాను.

గట్టు మీద

అదే వారం గురువారం ప్రియ కెమెరా మనిషిని వెంటబెట్టుకుని దిగింది. అవార్డు కోసం చిన్న వీడియో కావాలట. మా ఉద్యోగులు ఎలాంటి చోటి నుంచి వస్తున్నారో చూపించాలట. ఒక లంక గ్రామంలో పట్టుబడి ఉందని, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజని, మా కొనుగోలు విభాగం వాళ్ళు చెప్పారు. మర్నాడు పొద్దున ఏడింటికల్లా అక్కడికి వెళ్ళాం.

చెరువు గట్టు మీద మా కంపెనీ లారీ నిలబడి ఉంది. మగవాళ్ళు నడుంలోతు నీళ్ళల్లో వల లాగుతున్నారు. గట్టు మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని రొయ్యలు ఏరి ట్రేలలో వేస్తున్నారు, ఐసు చల్లుతున్నారు. ప్రియ చాలా బాగుంది, చాలా బాగుంది అంటూ కెమెరా తిప్పిస్తోంది. నేను వరస చివర చూసేసరికి పెద్దింట్లమ్మ. ఆవిడ పక్కన మా పీలింగ్ హాల్లో వాళ్ళే ఇంకో ఇద్దరు. జ్వరమని ఆ పొద్దున సెలవు చీటీలు పంపారని ఫ్యాక్టరీకి తిరిగొచ్చాక తెలిసింది. ఆ ఇద్దరూ నన్ను చూసి కొంగు నెత్తి మీదికి లాక్కున్నారు. పెద్దింట్లమ్మ మాత్రం లాక్కోలేదు. ఆవిడకింక పోయేదేముంది?

"రండి సార్. మీ రొయ్యలేనండీ ఇవి" అంది.

 గట్టు వెంట నడిచి ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఇక్కడేం చేస్తున్నావని అడిగాను. ట్రేలో చెయ్యి ఆపకుండానే చెప్పింది.

ఆ చెరువు ఊరందరిది. ఊరివాళ్ళు కలిసి ఒక మనిషికి లీజుకిచ్చారు. లీజు మీద వచ్చేదాంట్లో ఇంటికొక వాటా. అయితే పట్టుబడి రోజున ప్రతి గడప నుంచీ ఒక మనిషి గట్టు మీదికి రావాలని ఊరి పెద్దల కట్టుబాటు. రాని ఇంటికి వాటా పోతుంది. భర్త పోయినప్పుడు ఆ ఇంటి వాటా తీసేద్దామని కొందరన్నారట. మనిషి వస్తున్నంతకాలం ఉండనిద్దామని పెద్దలు తీర్పు చెప్పారట. చాలా ఇళ్ళల్లో మొగుడో కొడుకో వస్తారు. ఈవిడ ఇంట్లో రావడానికి ఈవిడ తప్ప ఎవరూ లేరు.

"మరి ముందురోజు మాకు చెప్పొచ్చు కదమ్మా?"

"ముందురోజు నాకు తెలిస్తే కదండీ. సాయంత్రం పొద్దుపోయాక మీ ఆఫీసు నుంచి లీజుదారు గారికి ఫోనొస్తుందండీ, రేపు లారీ పంపుతున్నామని. అప్పుడు ఊళ్ళో చాటింపేస్తారండీ."

మా ఆఫీసు నుంచే ఫోను వెళుతోంది. మా కొనుగోలు గదికీ నా గదికీ మధ్య ఒక వరండా ఉంది. ఆ గదిలోంచి ఫోన్ చేసి ఈవిణ్ణి గట్టు మీదికి పిలుస్తున్నాం, ఈ గదిలోంచి ఫ్యాక్టరీకి ఎందుకు రాలేదని మెమోలిస్తున్నాం. 

"డాక్టరు చీటీ అడిగారు కదండీ. ఒకసారి రాయించానండీ. ప్రతిసారీ ఏం రోగమని రాయించనండీ?" అంది పెద్దింట్లమ్మ. పక్కనున్న ఇద్దరూ నవ్వాపుకోలేకపోయారు.

"పోనీ గ్రూపు మీటింగుంది. అక్కడైనా చెప్పి ఉండాల్సింది."

ఆవిడ మొదటిసారి చెయ్యి ఆపింది. గట్టు మీద టెంటు కింద కుర్చీలో కూర్చున్న లీజుదారు వైపు చూసింది. ఆయన పక్కన తూకం చీటీలు పట్టుకుని శ్రీనివాస్ నిలబడి ఉన్నాడు. ఆ వారం అతనిది రెండో షిఫ్టు. లీజుదారు అతని బావ.

"ఎవరి ముందు చెప్పమంటారండీ?" అంది.

ప్రియ కెమెరా ఆపించేసింది. ఎప్పుడు వచ్చి నిలబడిందో, అంతా విన్నట్టుంది. 

ఫ్యాక్టరీకి వచ్చి నేరుగా రిసెప్షన్లో ఫొటో ముందు నిలబడ్డాను. ఎన్నిసార్లు చూశానో ఆ ఫొటో. మధ్య కుర్చీలో శ్రీనివాస్ నవ్వుతూ కూర్చున్నాడు. అతని కుడిపక్క కుర్చీ ఖాళీ, ఎడమపక్క కుర్చీ ఖాళీ. ఆడవాళ్ళందరూ వెనక నిలబడ్డారు. మూర్తి గారు బస్సు దిగి అడిగిన ప్రశ్నకి జవాబు నేనే ఫ్రేము కట్టించి గోడకి కొట్టించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నాకొచ్చిన మెమో

ఆ మధ్యాహ్నమే రంగారావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆర్డరు వెనక్కి తీసుకోవాలి, విచారణ తప్పుగా జరిగింది, జరిపింది నేనే అని చెప్పాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మస్తాన్ గారూ, ఒకరికి సడలిస్తే రేపు అందరూ చెరువులంటారండీ."

"అందరి చెరువులకీ ఫోన్ చేస్తున్నది మనమేనండీ."

"లీజుదారుకి కోపమొస్తే సరుకు ఇంకో కంపెనీకి పోతుంది. ఆ తలనొప్పి ఎవరు పడతారు?"

"నేను పడతానండీ."

"రెండేళ్ళలో రిటైరవుతారు. ఎందుకండీ మీకిదంతా?"

రెండేళ్ళే ఉంది కాబట్టేనండీ అన్నాను. ఆయన చెడ్డవారు కాదు. ఫ్యాక్టరీ నడవడం తప్ప వేరే ఆలోచన పెట్టుకోని మనిషి. కానీ ఆరోజు ఆయన ఊఁ అనేదాకా నేను కుర్చీలోంచి లేవదలచుకోలేదు. ఊఁ అనలేదు. హెడ్డాఫీసుకి రాసుకోండి అన్నారు. రాశాను. గ్రూపు పెద్దని ఎంచుకోవడంలో నా పొరపాటు, అతన్ని విచారణలో కూర్చోబెట్టడం నా పొరపాటు, ఆ గ్రూపుని అవార్డుకి పంపిన రిపోర్టులో నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను అని వివరంగా రాశాను.

ప్రియ ఫోన్ చేసింది. "సార్, అవార్డు దాదాపు ఖాయమైంది. ఆవిణ్ణి తిరిగి తీసుకునేలా నేను చూస్తాను. ఈ ఉత్తరం మాత్రం నెల ఆగి పంపకూడదా?"

"ఆగితే ఇది కూడా సమస్యలేమీ లేవు అన్న నోట్సే అవుతుందమ్మా."

 సరే సార్, నా పేరు కూడా కింద పెట్టండి అంది. ఆ అమ్మాయి మీద నాకున్న గౌరవం ఆ ఒక్క మాట వల్ల. అవార్డు రాలేదు. నాకు మాత్రం విచారణ నిర్లక్ష్యంగా జరిపినందుకు మెమో వచ్చింది. నా సర్వీసులో ఎందరికో ఇచ్చాను, అందుకున్నది అదొక్కటే. సర్టిఫికెట్ల ఫైల్లోనే దాచుకున్నాను.

శ్రీనివాస్‌ని పిలిచి మాట్లాడాను. మొదట నీళ్ళు నమిలాడు. ఆ తర్వాత బయటపడ్డాడు.

"మనవాళ్ళు పని మానేది ఈ చెరువు వల్లేనని కంపెనీకి తెలిస్తే ఇంకో చెరువుకి పోతారని బావ భయమండీ. చెప్తే ఇంట్లో చెడ్డవాణ్ణి, చెప్పకపోతే ఇక్కడ చెడ్డవాణ్ణి. నన్ను పెద్దగా వెయ్యమని నేను అడగలేదు కదండీ సార్."

నిజమే, అడగలేదు. అతను చేసింది తప్పు కాదని అనను. ఒక మనిషి ఉద్యోగం పోతుంటే పక్కన కూర్చుని అలసిపోతుందండీ అన్నాడు. కానీ అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేను. కొల్లేరువాళ్ళు అనే ఒక్క మాట కింద లీజుదారు బంధువునీ, వాటా పోతుందని బిక్కుబిక్కుమనే మనిషినీ కలిపి కట్టేశాను. బయటివాడికి అందరూ ఒకేలా కనిపిస్తారు.

నాలుగో వారంలో పెద్దింట్లమ్మ తిరిగి పనిలోకి వచ్చింది. పోయిన రోజులు కూడా సర్వీసులో కలిపించాను. మిగిలిన ఏర్పాటు ఎంత చిన్నదో చెబితే నవ్వొస్తుంది. కొనుగోలువాళ్ళు చెరువుకి ఫోన్ చేసిన వెంటనే హాజరు చూసే టైమ్ ఆఫీసుకి కూడా ఒక ఫోన్ చెయ్యాలి. ఆ ఊరి నుంచి వచ్చేవాళ్ళలో వెళ్ళక తప్పనివాళ్ళకి ఆ వారపు సెలవు ఆరోజుకి మారుతుంది. అంతే. కొనుగోలు విభాగం ఆయన ఆశ్చర్యపోయాడు. "ఒక్క మాట ముందే అంటే చేసేవాణ్ణి కదండీ" అన్నాడు. లీజుదారు కూడా ఏ కంపెనీకీ పోలేదు.

ఇంకో రూలు నేను పట్టుబట్టి పెట్టించాను. కొల్లేరు గ్రూపు పెద్దని చీటీలు వేసి వాళ్ళే ఎన్నుకోవాలి. మీటింగు గదిలోకి సూపర్‌వైజరు, మేనేజరు ఎవరూ అడుగుపెట్టకూడదు, పిలిస్తే తప్ప. చీటీలు తీస్తే దాదాపు అన్నిటిలోనూ పెద్దింట్లమ్మ పేరే. ఆవిడ ముందు వద్దంది. ఆ తర్వాత, "సంతకం వచ్చు కాబట్టి నోట్సు నేనే రాస్తానండీ, తెలుగులో" అని షరతు పెట్టి ఒప్పుకుంది.

నా గ్రూపు సంగతి

ఈ గొడవంతా సర్దుకున్నాక ఒక శుక్రవారం జుమ్మా నమాజుకి వెళ్ళొచ్చి నా గదిలో కూర్చున్నాను. ముస్లింల గ్రూపు నోట్సు కళ్ళ ముందుంది. సమస్యలేమీ లేవు. రాసింది నేనే. నాకు ఎక్కడో కలుక్కుమంది.

మర్నాడు ఆ గ్రూపు పెద్ద పదవి వదిలేశాను. నేను లేకుండా కూర్చుని మాట్లాడుకోమన్నాను. ఆ సాయంత్రమే బాయిలర్ దగ్గర ఫిట్టరుగా చేసే జానీ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అందరూ నన్నే చెప్పమన్నారు సార్. జుమ్మాకి మీరు వెళ్ళొస్తారు కదండీ. మాకు ఆ టైములో షిఫ్ట్ మారదండీ. అరగంట అటూ ఇటూ చేస్తే వంతులవారీగా వెళ్ళొస్తామండీ."

"ఇన్నేళ్ళూ నాతో ఎందుకు అనలేదు జానీ?"

"మీరు మేనేజరు కదండీ" అన్నాడు, అదేదో నాకు తెలియనట్టు.

వాళ్ళ ముందునుంచే ప్రతి శుక్రవారం స్కూటరు తీసుకుని వెళ్ళాను. ఏళ్ళ తరబడి. వాళ్ళ తరఫున ఖర్జూరాలు పట్టుకుని నవ్వాను. ఆ రాత్రి మా ఆవిడతో చెబితే, "మీరు చూళ్ళేదు, సరే. ఇప్పుడైనా మారుస్తారా లేదా?" అంది. తర్వాతి శుక్రవారానికి మార్చాను.

పర్వీన్, నీకు చెప్పేది ఇదే. గ్రూపులు పెట్టు, మంచి పనే. రంగారావు గారు భయపడ్డారు గానీ అవి గొడవలేమీ తేవు. కానీ నీ టేబుల్ మీదికి సమస్యలేమీ లేవని నోట్సు వస్తే సంతోషపడకు. ఆ గదిలో ఎవరు కూర్చున్నారో, ఎవరి వల్ల ఎవరు నోరు మెదపట్లేదో వెళ్ళి కనుక్కో. నువ్వు ఉన్నావు కాబట్టి మాట్లాడట్లేదేమో ముందు చూసుకో.

ఆఖరి అరగంట

నేను రిటైరైన రోజు నెలాఖరు. కొల్లేరు గ్రూపు మీటింగు కూడా ఆరోజే. దండలూ ఉపన్యాసాలూ పొద్దున్నే అయిపోయాయి. ఒక్కసారి వాళ్ళందరికీ వెళ్ళొస్తానని చెబుదామని మీటింగు గది దగ్గరికి వెళ్ళి తలుపు తోశాను. పెద్దింట్లమ్మ లేచి వచ్చి గుమ్మంలోనే ఆపేసింది.

"మేనేజర్లు లోపలికి రాకూడదండీ సార్."

"నేను ఇవాళ రిటైరవుతున్నానమ్మా."

"ఎన్నింటికండీ?"

"ఐదింటికి."

గోడ మీద గడియారం వంక చూసింది.

"నాలుగున్నరే అయ్యిందండీ. ఒక్క అరగంట ఆ బెంచీ మీద కూర్చోండి. టీ పంపిస్తాను."

తలుపేసేసింది. ఒక్క క్షణం మనసు చివుక్కుమన్న మాట నిజం. ఆ వెంటనే నాలో నేనే నవ్వుకుని వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. టీ వచ్చింది. లోపలి నుంచి గొంతులు వినబడుతున్నాయి. ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుతున్నారు, ఎవరో గట్టిగా కాదంటున్నారు, ఇంకెవరో అంతకంటే గట్టిగా అవునంటున్నారు. దేని గురించో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని చెవి కూడా పెట్టలేదు. టీ మాత్రం చాలా నిదానంగా తాగాను.

సరిగ్గా ఐదయ్యాక తలుపు తెరుచుకుంది. చేతిలో పెన్నుతోనే పెద్దింట్లమ్మ బయటికి వచ్చింది.

"ఇప్పుడు రండి అన్నయ్య గారూ" అంది.